ఎవరి జబ్బు, ఎవరి జేబు

డబ్లిన్‌లో తెలుగువాళ్ల ఇంటికి వినాయక చవితి భోజనాలకి వెళ్తే, పులిహోర సగంలో ఉండగానే మాటలు ట్యాక్సు మీదికి మళ్లుతాయి. "సగం గవర్నమెంటుకే పోతోందండీ" అని ఒకాయన నిట్టూరుస్తాడు. "హైదరాబాదులో మా బావమరిదికి పన్నెండు లక్షల దాకా పైసా కట్టక్కర్లేదట" అని ఇంకొకాయన ఎగదోస్తాడు. పోయిన నెలే దిగిన కుర్రాడెవడో అమాయకంగా "మరి ఇక్కడ వైద్యం ఫ్రీయే కదన్నా!" అంటాడు. అప్పుడు అందరూ నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఆ కుర్రాడికి ఎవరూ విడమరిచి చెప్పరు. చెప్పాలంటే చాలా దూరం వెళ్లాలి.

ముందు ఆ 'సగం' సంగతి. 2025 లెక్కల్లో, పెళ్లికాని ఉద్యోగికి ఏడాదికి 60,000 యూరోల జీతం అనుకోండి. మొదటి 44,000 మీద 20 శాతం, ఆపైన దాని మీద 40 శాతం ఆదాయపు పన్ను. అలా తేలినదాంట్లోంచి ట్యాక్స్ క్రెడిట్ల కింద 4,000 కొట్టేస్తే మిగిలేది 11,200. దీనికి తోడు యూఎస్‌సీ, అంటే యూనివర్సల్ సోషల్ ఛార్జి, 1,350 దాకా. పీఆర్ఎస్ఐ అనే సామాజిక బీమా కోత ఇంకో 2,450 పైచిలుకు. అన్నీ కలిపితే 15 వేలు. అంటే పావు వంతు. మరి సగం ఎక్కడిదీ అంటే, బోనస్ వచ్చిన నెలలో కనబడుతుంది. 44 వేలు దాటాక చేతికొచ్చే ప్రతి యూరోలో 47 సెంట్లు, 70 వేలు దాటాక 52 సెంట్లు పోతాయి. మనకి గుర్తుండిపోయేది ఆ చివరి యూరోనే. మొదటి 44 వేల మీద సర్కారు చూపించిన దయ ఎవడికీ గుర్తుండదు. (రాతగాళ్ల మీద మాత్రం ఈ దేశానికి భలే ప్రేమ. 1969 నుంచీ రచయితలకి, కళాకారులకి వాళ్ల కళ మీద వచ్చే ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది, ఇప్పుడు 50,000 యూరోల దాకా. తెలుగులో రాసేవాళ్లకి మినహాయింపు అవసరమయ్యేంత ఆదాయమే రాదు, అది వేరే సంగతి.)

ఆ యూఎస్‌సీకి ఒక కథ ఉంది. 2008లో ఇక్కడి బ్యాంకులు కుప్పకూలాక, ఖజానా అడుగంటిన రోజుల్లో తెచ్చిన కోత అది. 2011 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పే స్లిప్పులో 'హెల్త్ లెవీ' అని విడిగా ఒక పద్దు ఉండేది. ఇన్‌కమ్ లెవీతో పాటు దాన్నీ తీసి ఇందులో కలిపేశారు. అప్పటి నుంచీ జీతంలో ఎంత ఆస్పత్రికి పోతోందో, ఎంత రోడ్డుకి పోతోందో పే స్లిప్పు చూసి చెప్పడం ఎవరితరమూ కాదు. మన దగ్గర దీనికి తిరగేసిన పద్ధతి. 2018 నుంచి ఆదాయపు పన్ను మీద 4 శాతం 'ఆరోగ్య, విద్యా సెస్' అని పేరుపెట్టి మరీ వసూలు చేస్తున్నారు. పేరు పెట్టినంత మాత్రాన మా తెనాలి గవర్నమెంటు ఆస్పత్రిలో మంచాలు పెరిగిపోతాయన్న నమ్మకం నాకు లేదు. పేరు తీసేసినందుకు డబ్లిన్‌లో తరిగిందీ లేదు.

ఇక ఆ కుర్రాడి 'ఫ్రీ' సంగతికొస్తాను. ఇక్కడ జ్వరమొస్తే నేరుగా ఆస్పత్రికి వెళ్లరు, జీపీ దగ్గరికి వెళ్లాలి. జీపీ అంటే ఊళ్లో ఫ్యామిలీ డాక్టరు. ముందు ఆయన లిస్టులో మన పేరుండాలి. ఇళ్లు మారి కొత్త పేటకి వెళ్లినవాళ్లని అడగండి, "లిస్టు నిండిపోయింది" అన్న మాట ఎన్ని క్లినిక్కుల్లో విన్నారో చెప్తారు. పేరుంటే, పొద్దున్నే క్లినిక్ తలుపు తీసే వేళకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. దొరికితే పది, పదిహేను నిమిషాలు చూస్తారు. వచ్చేటప్పుడు రిసెప్షన్ అమ్మాయి చిరునవ్వుతో కార్డు మిషన్ ముందుకి జరుపుతుంది, 60 యూరోలు. క్లినిక్‌ని బట్టి ఐదో పదో అటూఇటూ. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి 2023 ఆగస్టు నుంచి ఇది ఉచితం, అంతకుముందు ఆరేళ్ల దాకానే ఉండేది. డెబ్బై దాటినవాళ్లకీ ఉచితం. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి మెడికల్ కార్డు ఉంటుంది, ఇంకొంచెం ఎక్కువ ఉంటే జీపీ విజిట్ కార్డు. మిగిలింది ఎవరయ్యా అంటే ఎనిమిదికీ డెబ్బైకీ మధ్య ఉద్యోగం చేసుకుంటూ ఆ పన్నంతా కడుతున్నవాళ్లు. మావాడి ఎనిమిదో పుట్టినరోజుకి కేకు కోసి కొవ్వొత్తులు ఆర్పామో లేదో, వాడి జ్వరానికి రేటు కట్టేశారు. ఆ ఏడాది చలికాలంలో వాడు దగ్గితే, మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. "రేపటికి తగ్గుతుందేమో చూద్దామా" అనేవాళ్లం. నాకు ఈ దేశం మీద ఉన్న ఫిర్యాదంతా ఆ 'చూద్దామా'లోనే ఉంది. జీతంలో పావు వంతు ముందే ఇచ్చేసిన మనిషి కూడా గడప దగ్గర ఆగి లెక్క వేసుకోవాల్సి వస్తోంది.

ఇది ఎవరో మరిచిపోయి వదిలేసిన కంత కాదు. పట్టుబట్టి అలా ఉంచారు. 1948లో నోయెల్ బ్రౌన్ అనే యువ డాక్టరు పార్లమెంటుకి ఎన్నికై, అడుగుపెట్టిన మొదటి రోజే ఆరోగ్య మంత్రి అయ్యాడు. అమ్మానాన్నల్నీ, తోబుట్టువుల్లో కొందరినీ క్షయ మింగేసిన ఇల్లు ఆయనది. తనకీ ఆ జబ్బు వచ్చి బయటపడ్డాడు. క్షయ ఆస్పత్రులు కట్టించడానికి ఆయన ఎక్కడి డబ్బు వాడాడో వింటే మనవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. గుర్రప్పందేల లాటరీ డబ్బు! 1930లో ఐరిష్ ప్రభుత్వం చట్టం చేసి మరీ 'హాస్పిటల్స్ స్వీప్‌స్టేక్' నడవనిచ్చింది. ఇంగ్లండులో జరిగే పెద్ద పందేల మీద టికెట్లు. బ్రిటన్‌లో, అమెరికాలో అవి అమ్మడం నేరం, అయినా దొంగచాటుగా లక్షల్లో అమ్ముడయ్యేవి. డబ్లిన్‌లో పెద్ద పీపాలాంటి డ్రమ్ము తిప్పి, యూనిఫాం వేసుకున్న నర్సుల చేత టికెట్లు తీయించేవారు. వచ్చినదాంట్లో ఆస్పత్రుల వాటా కొంతే, నిర్వాహకులు మాత్రం బాగానే వెనకేసుకున్నారు. 1987 దాకా సాగిందిది. సొంత జనం మీద పన్ను వేయకుండా, పరాయి దేశాల జూదగాళ్ల జేబులతో మంచాలు వేయించిన దేశం ఇంకోటి ఉందో లేదో నాకు తెలీదు.

ఆ బ్రౌన్ క్షయతో ఆగలేదు. తల్లులకీ, పదహారేళ్ల లోపు పిల్లలకీ వైద్యం ఉచితం, ఆదాయం ఎంతని అడిగేది లేదు అని ఒక పథకం తెచ్చాడు. మదర్ అండ్ చైల్డ్ స్కీమ్ అంటారు దాన్ని. డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు. ఫీజులు పోతాయని ఒక భయం, సర్కారు కింద జీతగాళ్లమైపోతామని ఇంకో భయం. క్యాథలిక్ బిషప్పులు అంతకన్నా గట్టిగా అడ్డం తిరిగారు. కుటుంబం చూసుకోవాల్సిన దాంట్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నారు. తల్లులకి ఆరోగ్యం గురించి చెప్పే నెపంతో గర్భనిరోధం కూడా దొంగదారిన వచ్చేస్తుందేమోనని వాళ్ల అనుమానం. ప్రధాని కాస్టెల్లో, బ్రౌన్ సొంత పార్టీ నాయకుడు మెక్‌బ్రైడ్, ఇద్దరూ చేతులెత్తేశారు. 1951 ఏప్రిల్‌లో బ్రౌన్ రాజీనామా చేస్తూ, బిషప్పులతో తాము నడిపిన ఉత్తరాలన్నీ పత్రికకి ఇచ్చేశాడు. దేశం నివ్వెరపోయింది. పథకం మాత్రం పోయింది. అప్పుడు గెలిచింది 'ఉన్నవాడు ఇచ్చుకోవాలి, లేనివాడికి మాత్రమే సర్కారు చూడాలి' అన్న వాదం. డెబ్బై ఏళ్లు దాటాక మా పిల్లాడి దగ్గుకి నేను ఇచ్చిన 60 యూరోలు ఆ వాదానికి కట్టిన వాయిదాయే. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఉచితాన్ని ఐదేళ్లకోసారి ఒక మెట్టు జరపడమే తప్ప, ఆ గోడ పడగొట్టినవాడు లేడు. 2017లో పార్టీలన్నీ కలిసి 'స్లాంచెకేర్' అని పదేళ్ల ప్రణాళిక ఒప్పుకున్నాయి. అందులో జీపీ అందరికీ ఉచితమనే రాసి ఉంది.

జీపీ గడప దాటి ఆస్పత్రి లోపలికి వెళ్తే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. జీపీ చీటీ రాస్తే ఎమర్జెన్సీకి పైసా అక్కర్లేదు. చీటీ లేకుండా వెళ్తే 100 యూరోలు. వార్డులో చేరితే ఇదివరకు రోజుకి 80 చొప్పున ఏడాదికి 800 దాకా కట్టేవారు, 2023 ఏప్రిల్‌లో అదీ ఎత్తేశారు. గుండె ఆపరేషనైనా, క్యాన్సర్ మందులైనా ప్రభుత్వాస్పత్రిలో బిల్లు అనే కాగితమే ఉండదు. మందుల షాపులో కూడా ఇల్లు మొత్తానికి నెలకి 80 యూరోలు దాటితే మిగతాది ప్రభుత్వమే పెట్టుకుంటుంది, కోటీశ్వరుడైనా సరే. ఇక్కడ కట్టాల్సింది డబ్బు కాదు, కాలం. ఎమర్జెన్సీలో చేర్చుకోవాలని తేల్చాక కూడా మంచం ఖాళీ లేక నడవలో ట్రాలీ మీద పడుకోబెడతారు. ఇవాళ దేశంలో ఎందరు ట్రాలీల మీద ఉన్నారో నర్సుల సంఘం రోజూ లెక్క చెబుతుంది. మన దగ్గర ప్రాజెక్టుల్లో నీటిమట్టం చెప్పినట్టు ఇక్కడ రేడియోలో ఆ అంకె చదువుతారు.

కాలం కొనుక్కోవాలంటే ప్రైవేటు ఇన్సూరెన్స్. ఈ దేశంలో దాదాపు సగం మంది అంత పన్నూ కట్టి ఇదీ కడతారు. కానీ ఇందులో ఒక నిబంధన చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఒకే పాలసీకి పాతికేళ్లు దాటిన కుర్రాడికీ, డెబ్బై ఐదేళ్ల షుగర్ పేషెంటుకీ ఒకటే ప్రీమియం, చట్టం అది. మా అమ్మానాన్నలకి అరవై దాటాక ఇండియాలో పాలసీ కోసం తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. బీపీ ఉందన్నందుకు ఒక రేటు, మోకాలు అరిగిందన్నందుకు ఇన్నేళ్లు ఆగాలని షరతు, ఏడాదేడాదికీ పెరిగే ప్రీమియం. దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉండేది, అది మాత్రం 2025 సెప్టెంబరులో పోయింది. ఇక్కడ రేటు కట్టడానికి దేహం కథ అడగరు, ముందే ఉన్న జబ్బుకి కొన్నేళ్లు ఆగడం మాత్రం ఇక్కడా తప్పదు. ముప్పై ఐదేళ్లు వచ్చేదాకా తీసుకోకుండా నక్కి కూర్చున్నవాడికి మాత్రం ఆ తర్వాత ఏడాదికి 2 శాతం చొప్పున వడ్డిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకి తొమ్మిది నెలలు వెసులుబాటు. ఇది మన చీటీపాట లాంటిదే. అందరూ నెలనెలా వేస్తారు, అవసరం పడ్డవాడు ఎత్తుకుంటాడు. ఈ చీటీ ఎత్తుకోకుండా పోయినవాడే అదృష్టవంతుడు.

పన్ను ఎక్కువైతే వైద్యం ఉచితం, పన్ను తక్కువైతే బిల్లు అని మనం సూత్రం కట్టేస్తాం. అది అబద్ధమని చూడాలంటే డబ్లిన్ నుంచి ఉత్తరానికి గంటన్నర కారు నడిపితే చాలు. డండాక్ దాటి న్యూరీ చేరితే ఉత్తర ఐర్లండ్, అంటే బ్రిటన్ పాలన. అక్కడ 40 శాతం పన్ను మొదలయ్యేది 50,270 పౌండ్లు దాటాక. అంటే మధ్యతరగతికి ఇక్కడికంటే తక్కువే. జీపీకి పైసా ఇవ్వక్కర్లేదు. 2010 నుంచి మందుల చీటీకీ ఛార్జి లేదు. అయితే ఆపరేషన్ల వెయిటింగ్ లిస్టు బ్రిటన్ మొత్తంలో అక్కడే ఘోరం. ఒకటే ద్వీపం, ఒకటే వాన, ఒకటే రకం దగ్గు. గేటు లేదు, చెక్‌పోస్టు లేదు, మైలురాయి మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తే సరిహద్దు దాటామని తెలుస్తుంది. ఇక్కడివాళ్లు ఇటు నుంచి అటు సరుకులకి వెళ్లొస్తారు. ఇండియా పాస్‌పోర్టు వాళ్లం మాత్రం చట్టప్రకారం బ్రిటిష్ వీసా లేకుండా ఆ గీత దాటకూడదు. ఉచిత వైద్యం కనుచూపు మేరలో పెట్టుకుని ఇవతలే యూ టర్న్ తీసుకోవాలి.

మన వైపు చూద్దాం. పోయినేడాది ఒక రాత్రి మా అమ్మకి కడుపులో నొప్పి. పొద్దున్న స్కానింగ్, పదకొండింటికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లని రిపోర్టు, మర్నాడు గుంటూరులో ఆపరేషన్. ఇక్కడ మా పక్కింటి ఐరిష్ పెద్దావిడ తుంటి ఆపరేషన్‌కి వచ్చే పిలుపు కోసం పోస్టుమ్యాన్ దారి చూస్తోంది. ఆవిడకి మా అమ్మ సంగతి చెబితే నేనేదో కోతలు కోస్తున్నానని అనుకుంది. కోతలు కావు. కానీ ఆ వేగానికి మా తమ్ముడు అడ్వాన్సు కౌంటర్ దగ్గర కార్డు గీకాకే వీల్‌చైర్ కదిలింది. ఆ తర్వాత మందులకి పరుగు, రాత్రుళ్లు వార్డు బయట చాప, ఫ్లాస్కులో పాలు, పిన్ని వండి పంపిన క్యారేజీ. ఇక్కడ నర్సు చేసే పనుల్లో సగం అక్కడ అటెండెంటుగా ఉన్న బంధువే చేస్తాడు. ఆ చాకిరీ ఏ బిల్లులోనూ, ఏ బడ్జెట్‌లోనూ కనబడదు. మన దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి తీసేది 2013-14లో 64 శాతం. 2021-22కి 39కి దిగింది. ఐర్లండ్‌లో అది పదో వంతుకి అటూఇటూ. మన దగ్గర అంత తగ్గడంలో ఆరోగ్యశ్రీ లాంటి పథకాల చెయ్యి ఉందనే అనుకుంటాను. 2007లో రెండు లక్షల పరిమితితో మొదలైన ఆ పథకాన్ని 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలకి, ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకి పెంచాయి. బైపాస్ కోసం పొలం అమ్మే ఇళ్లు అప్పటికీ ఇప్పటికీ తగ్గాయి. కానీ రోజువారీ జ్వరాలు, బీపీ బిళ్లలు, ఓపీ చీటీలు, రక్తపరీక్షలు, అవన్నీ ఇప్పటికీ సొంత జేబే. అంటే పెద్ద జబ్బుకి సర్కారు, చిన్న జబ్బుకి మనం. తమాషా చూశారా, ఐర్లండ్‌లో కూడా సరిగ్గా ఇదే పద్ధతి!

భోజనాల దగ్గర ఎవరూ పైకి అనని మాట ఒకటుంది. ఇక్కడ మనం కట్టే పన్నుతో ఎవరో ఐరిష్ ముసలాయనకి మెడికల్ కార్డు వస్తోంది. మన ముసలాళ్ల బిల్లు మళ్లీ మనమే కడుతున్నాం. రెండు సార్లు కట్టడమే కదా ఇది? నాకూ చాలాకాలం అలానే ఉండేది. ఇప్పటికీ పే స్లిప్పు తెరిచిన రోజున కాస్త ఉంటుంది. అయితే ఈ లెక్క ఏ ఒక్క ఊళ్లోనూ తెగదు. 1950లలో ఈ దేశం నుంచి దాదాపు నాలుగు లక్షల మంది వలస పోయారు. వాళ్లలో ఎందరో ఆడపిల్లలు ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో నర్సులుగా చేరి, అక్కడ పన్ను కట్టి, అక్కడి ముసలాళ్లకి సేవ చేస్తూ, మిగిలింది ఇక్కడ మేయో, కెర్రీ పల్లెల్లో ఉన్న అమ్మలకి పంపేవారు. ఇప్పుడు ఇక్కడి వార్డుల్లో కేరళ నర్సులు, ఎమర్జెన్సీలో కర్నూల్లోనో కాకినాడలోనో చదివిన తెలుగు డాక్టర్లు. ఆ కాలేజీల్లో గవర్నమెంటు సీటు ఖర్చు ఎవరు పెట్టారు? బీడీ కట్ట మీదా, సబ్బు బిళ్ల మీదా పన్ను కట్టిన మన కూలీలు. ఇక్కడి డోనెగల్ రైతు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టిన చెయ్యి వాళ్ల డబ్బుతో తయారైంది. దానికి ఐర్లండ్ మనకి రసీదు ఇవ్వలేదు, మనమూ అడగలేదు.

రసీదంటే గుర్తొచ్చింది. ఇక్కడ వైద్యం ఖర్చు మీద 20 శాతం పన్ను వెనక్కి ఇస్తారు. ఎవరి వైద్యానికైనా సరే, డబ్బు కట్టింది మనమైతే చాలు. వేరే దేశంలో చేయించినా ఒప్పుకుంటారు. అక్కడి చట్టం ప్రకారం ప్రాక్టీసు చేయడానికి అర్హతున్న డాక్టరై ఉండాలి, ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేసిన డబ్బు కాకూడదు, బిల్లులు ఆరేళ్లు దాచాలి. మామూలుగా పళ్లు పీకించుకోవడం, కళ్లజోళ్లు లాంటివి లెక్కలోకి రావు. ఈ సంగతి తెలిశాక తమ్ముడికి డబ్బు పంపి, వాడి ప్రాణం తీసి ఒరిజినల్ బిల్లులు సంపాదించాను. మొదట ఆస్పత్రి వాళ్లు ఇచ్చింది తెల్ల కాగితం మీద రాసిన చిట్టా. లెటర్‌హెడ్ మీద స్టాంపుతో, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో, చెల్లించినవారి చోట నా పేరుతో కావాలంటే, "మీ అక్కయ్య ఇన్‌కమ్ ట్యాక్సు ఆఫీసరా అండీ?" అని అడిగారట వాణ్ణి. మొత్తానికి ఖర్చులో ఐదో వంతు నా బ్యాంకులో పడింది.

ఫోన్లో అమ్మకి చెబితే నమ్మలేదు. "వాళ్లెవరో నా ఆపరేషన్‌కి డబ్బులివ్వడమేవిటే? మనవేవన్నా వాళ్ల చుట్టాలమా?" అంది. నేను కట్టిన పన్నులోంచేనమ్మా, ఇక్కడ ఎవరికైనా అంతే అని వివరించాను. కాసేపు ఆలోచించింది. తర్వాత అడిగింది, "అయితే ఎదురింటి సుబ్బమ్మత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ చేయించమన్నారు. ఆ డబ్బు నువ్వు కడితే, దానికీ ఇస్తారా?"

చట్టప్రకారం ఇస్తారు. ఆ మాట అమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే మా వీధిలో శుక్లాలున్నవాళ్లు ఇంకా ఎందరున్నారో నాకు తెలుసు.